నవ్వింది మీ అన్నయ్య ఒక్కడే కాదు కదమ్మా

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో నుంచి ఒక సోదరి రాశారు. 11 ఏళ్ళుగా అక్కడే ఉంటున్నారు. భర్త రెండేళ్ళుగా ఆఫీసు లేనప్పుడల్లా ప్యాంటు మానేసి కిల్ట్ వేసుకుంటున్నారట, అంటే అక్కడి మగవాళ్ళు నడుముకి కట్టే, మోకాళ్ళ దాకా ఉండే కుచ్చిళ్ళ గుడ్డ. కూరగాయలకి వెళ్ళినా అదే, పిల్లల్ని ఈతకి తీసుకెళ్ళినా అదే. వచ్చే నెల రాజమండ్రిలో ఆమె అన్నయ్య కూతురి పెళ్ళి. "వస్తే కిల్ట్‌లోనే వస్తాను, లేకపోతే నువ్వూ పిల్లలూ వెళ్ళిరండి" అంటున్నారట. ఎలా మాన్పించాలి, నలుగురిలో పరువు ఎలా నిలబెట్టుకోవాలి అని ఆమె ప్రశ్న.

మాన్పించక్కర్లేదమ్మా. మీరు అడిగినదానికి నా జవాబు అంతే.

అక్కడి మగవాళ్ళు కూడా రోజూ వేసుకోరు, పెళ్ళిళ్ళకీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకీ వేసుకుంటారు, నిజమే. అయినా ఆ ఊళ్ళో కిల్ట్ కట్టిన మనిషి కూరగాయలు కొంటుంటే ఎవరూ వింతగా చూడరు. మన నాన్నలు గళ్ళ లుంగీ మోకాళ్ళ పైకి ఎగ్గట్టి పాల ప్యాకెట్‌కి వెళ్ళేవారు. అప్పుడు మనలో ఎవరి పరువూ పోలేదు. ఒకప్పుడు ఆ కిల్ట్ కట్టడమే నేరం. 1746లో బ్రిటిష్ ప్రభుత్వం అక్కడ చట్టం తెచ్చింది. మొదటిసారి దొరికితే ఆరు నెలలు జైలు, మళ్ళీ దొరికితే ఏడేళ్ళు సముద్రం దాటించి పంపేయడం. 1782లో గానీ ఆ చట్టం ఎత్తేయలేదు. ఇది మీవారు మీకు చెప్పే ఉంటారు. మీరు విన్నారో లేదో.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం వేరే ఉంది. మూడు నెలల క్రితం ఆదివారం మీ అన్నయ్యతో వీడియో కాల్‌లో ఉండగా, మీవారు టీ కప్పు పట్టుకుని వెనకనుంచి వెళ్ళారు. "ఏంటే, బావగారు గౌను వేసుకున్నారు?" అన్నాడు మీ అన్నయ్య. వదిన నవ్వింది, పిల్లలు నవ్వారు. "నాకూ నవ్వొచ్చేసింది" అని రాసి, అక్కడినుంచి విమానం టికెట్ల గొడవలోకి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి మీ పుట్టింటి ఫోన్ మోగితే ఆయన పక్కగదిలోకి వెళ్ళిపోతున్నారని కూడా మీరే రాశారు. ఈ రెండూ కలిపి చదువుకోలేదా మీరు?

పెళ్ళికి కిల్ట్‌లోనే వస్తానన్నది బట్టల మీద పంతం కాదు. ఆ రోజు మీరు ఎవరి పక్కన నిలబడ్డారో ఆయన చూశారు. పెళ్ళిమండపంలో కూడా అక్కడే నిలబడతారా అని ఇప్పుడు అడుగుతున్నారు.

నాన్నగారు పోయాక అన్నయ్యే చదివించాడనీ, పెళ్ళి చేశాడనీ, ఆయన మాటకి ఎదురు చెప్పలేననీ రాశారు. అలాంటి అన్నయ్య ఉండడం అదృష్టం. ఆ రుణం మీది. మీ చీరలతో, మీ సేవతో, మీ ప్రేమతో ఎంతైనా తీర్చుకోండి. మీ ఆయన పరువుతో తీర్చే హక్కు మాత్రం మీకు లేదు. అత్తింట్లో మిమ్మల్ని ఎవరైనా నలుగురి ముందు అలా అంటే, ఆయన కూడా నవ్వితే, మీరు మూడు నెలలకి మర్చిపోతారా? నేనైతే మర్చిపోను.

ఆయన తప్పు లేదని కాదు. మనసులో మాట చెప్పకుండా మూడు నెలలు పక్కగదిలో కూర్చోవడం ఇంటిల్లిపాదికీ టెన్షన్. పిల్లలు గమనిస్తూనే ఉంటారు. కానీ ముందు మాట్లాడాల్సింది మీరే.

శనివారం రాత్రి గంటసేపు కూర్చుని కుచ్చిళ్ళు ఇస్త్రీ చేసుకుంటారని విసుగ్గా రాశారు. ఉన్ని కిల్ట్ ఒక్కదానికే 8 గజాల దాకా గుడ్డ పడుతుంది, మన చీర కంటే ఎక్కువ. వెనకంతా కుచ్చిళ్ళే. ఒక్కొక్కటీ సరిచేసి, తడిగుడ్డ పరిచి అదమాలి. ఆ పని మీకు చెప్పకుండా ఆయనే చేసుకుంటున్నారు. ఈ శనివారం వెళ్ళి పక్కన కూర్చోండి. "ఆ రోజు నేను నవ్వకూడదు, తప్పు చేశాను" అనండి. దాని వెనకాల "కానీ" అని ఇంకో మాట తగిలించకండి. పెళ్ళి ఊసు ఎత్తకండి.

తర్వాత అన్నయ్యకి మీరే ఫోన్ చేయండి, మీవారు వినేలా. "ఆ మాట మా ఇద్దరికీ బాధ కలిగించింది అన్నయ్యా, బావగారిని నువ్వే స్వయంగా పిలువు" అని చెప్పండి. చెల్లెల్ని అంత ప్రేమగా పెంచినవాడు పిలవకుండా ఉండడు. ఆ పిలుపు అందాక ఆయన పంచె కడతారో కిల్ట్ కడతారో ఆయన ఇష్టం. ఏది కట్టినా పీటల దగ్గర మీరు ఆయన పక్కనే నిలబడండి.

మూడు నెలలు గడిచిపోయాయి. వచ్చే ఆదివారం ఫోన్ మోగేలోపే ఆ మాట చెప్పేయండి.