ఫాస్ట్ బౌలర్ సిరాజ్ గురించి మీరడిగారు

ప్రశ్న: బుమ్రాకి ఉన్నట్టు సిరాజ్‌కి వింత బౌలింగ్ యాక్షన్ ఏమీ లేదు, మరి 2025 ఇంగ్లండ్ సిరీస్‌లో అన్ని వికెట్లు ఎలా తీసాడండీ?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వేసీ వేసీ తీసాడండీ. మన ఫాస్ట్ బౌలర్లలో 5 టెస్టులూ ఆడింది అతనొక్కడే, మొత్తం 185.3 ఓవర్లు, అంటే 1113 బంతులు, 23 వికెట్లు, సిరీస్‌లో అతనివే టాప్. స్పీడ్ చాలామందికి ఉంటుంది గానీ 5వ టెస్టు 5వ రోజు పొద్దున కూడా అదే రనప్‌తో అదే జోరుతో వచ్చేవాళ్లు ఎంతమంది చెప్పండి, నా దృష్టిలో సిరాజ్ గొప్పతనమంతా అదే. లార్డ్స్‌లో 22 పరుగులతో ఓడినప్పుడు మన బ్యాటింగ్‌లో ఆఖరున అవుటైంది అతనే, డిఫెన్స్ ఆడిన బంతి వెనక్కి దొర్లుకుంటూ పోయి స్టంప్స్‌కి తగిలింది. ఓవల్‌లో ఇంగ్లండ్ బ్యాటర్ బ్రూక్ 19 దగ్గరున్నప్పుడు సిరాజ్ క్యాచ్ పట్టి కాలు బౌండరీ రోప్ మీద వేసేసాడు, బ్రూక్ 111 కొట్టాడు. ఇంకొకరైతే అక్కడే కుంగిపోయేవాళ్లు. మర్నాడు ఇంగ్లండ్‌కి 35 పరుగులు కావాలి, చేతిలో 4 వికెట్లు, కొత్త బంతి తీసుకునే ఛాన్స్ వచ్చినా తీసుకోకుండా పాతదాంతోనే వేసి ఆ నాలుగింట్లో 3 తనే తీసాడు, ఆఖరికి అట్కిన్సన్‌కి యార్కర్, అంటే కాళ్ల దగ్గర పడే బంతి, వేసి స్టంప్ ఎగరగొట్టాడు, 6 పరుగులతో గెలిచాం. ఆ మ్యాచ్‌లోనే 9 వికెట్లు!

ప్రశ్న: కామెంటరీలో వాబుల్ సీమ్, వాబుల్ సీమ్ అంటుంటారు, అసలేంటది?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: గాల్లో వంపు తిరిగే మామూలు స్వింగ్ బంతికి చూపుడువేలు, మధ్యవేలు దగ్గరగా పెట్టి సీమ్, అంటే బంతి మీది కుట్టు, నిటారుగా నిలబెట్టి వదుల్తారు. వాబుల్‌కేమో ఆ వేళ్లు కాస్త ఎడం చేసి మణికట్టు బిగించకుండా వదుల్తారు, దాంతో సీమ్ గాల్లో అటూఇటూ ఊగుతూ పోయి పిచ్ మీద ఎలా పడితే అలా, లోపలికైనా బయటికైనా కదుల్తుంది. ఎటు పోతుందో వేసినవాడికే తెలీనప్పుడు అతని చెయ్యి చూసి బ్యాటర్ ఏం కనిపెడతాడు? ఇంగ్లండ్ బౌలర్ ఆండర్సన్ దీన్ని పాకిస్తాన్ బౌలర్ ఆసిఫ్‌ని చూసి నేర్చుకున్నాడు. సిరాజ్‌కి అవుట్‌స్వింగ్, అంటే కుడిచేతి బ్యాటర్ నుంచి బయటికి వంగే బంతి, ఎలాగూ ఉంది, ఇది కూడా తోడయ్యేసరికి కుడిచేతి బ్యాటర్లకి ఏది వదలాలో ఏది ఆడాలో తెలీకుండా పోయింది. 2023 ఆసియా కప్ ఫైనల్లో ఒకే ఓవర్లో 4 వికెట్లు తీసి శ్రీలంకని 50కే కూల్చేసినప్పుడు మాత్రం ఎక్కువగా మామూలు స్వింగే పనిచేసింది.

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు, టెన్నిస్ బాల్‌తో బాగా ఫాస్ట్‌గా వేస్తాడు. సిరాజ్ కూడా అలాగే వచ్చాడంటారు. అకాడమీలో ఇంకా చేర్చలేదు, లేటయిపోయిందా సార్?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: లేటేం కాలేదమ్మా. సిరాజ్ వాళ్ల నాన్న గౌస్ గారు హైదరాబాద్‌లో ఆటో నడిపేవారు, కోచింగ్‌కి డబ్బులు లేవు, టెన్నిస్ బాలే అతని బడి. రంజీ ఆడేసరికి 21 ఏళ్లు, రెండో సీజన్లో 41 వికెట్లు, అప్పుడు హైదరాబాద్ కోచ్‌గా ఉన్న భరత్ అరుణ్ గారి చెయ్యి దాంట్లో చాలా ఉంది. 2017 ఐపీఎల్ వేలంలో 20 లక్షల బేస్ ప్రైస్ కుర్రాడు 2.6 కోట్లకి వెళ్లాడు. తర్వాత సరిగ్గా వెయ్యకపోతే పోయి మీ నాన్నతో ఆటో నడుపుకో అని తిట్టినవాళ్లూ ఉన్నారు. 2020 నవంబర్‌లో నాన్నగారు పోతే ఇంటికి రాకుండా ఆస్ట్రేలియాలోనే ఉండిపోయి, మెల్‌బోర్న్‌లో టెస్టుల్లోకొచ్చి సిరీస్‌లో 13 వికెట్లు తీసాడు, మన బౌలర్లలో అవే ఎక్కువ. తిరిగొచ్చాక ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా నాన్న సమాధి దగ్గరికే వెళ్లాడు. రాస్తుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

మీ అబ్బాయి సంగతికొస్తే, లెదర్ బాల్‌కి మాత్రం ఇప్పుడే మార్పించండి, కానీ మెల్లగా. టెన్నిస్ బాల్ 60 గ్రాముల్లోపే, లెదర్ బాల్ 156 నుంచి 163 గ్రాములు, భుజమూ నడుమూ ఆ బరువుకి అలవాటు పడాలి. ఇంగ్లండ్ బోర్డు ఈ వయసు ఫాస్ట్ బౌలర్లకి ఒక స్పెల్‌కి, అంటే విరామం లేకుండా వరసగా వేసేటప్పుడు, 7 ఓవర్లు, రోజుకి 18 దాటొద్దంటుంది, మీరూ అదే పాటించండి, బాగా వేస్తున్నాడు కదా అని కోచ్ ఇంకో నాలుగు వెయ్యమన్నా ఒప్పుకోకండి. బౌలింగ్ చెయ్యి కాకుండా రెండో వైపు నడుము కింద నొప్పి అన్నాడంటే బామ్ రాసి మళ్లీ గ్రౌండ్‌కి పంపకండి, అక్కడ ఎముకలో చిన్న పగులు వచ్చుండొచ్చు. బుమ్రా అంతటివాడే నడుముకి సర్జరీ చేయించుకుని దాదాపు ఏడాది ఆటకి దూరమయ్యాడు. వెంటనే స్పోర్ట్స్ డాక్టర్‌కి చూపించి ఎమ్మారై అవసరమా అని అడగండి.