ముందు క్లోరైడ్ సంగతి చూడు

చిరంజీవి సుజాతకు,

పెదనాన్న దీవెనలు. కడపలో పీహెచ్‌డీలో చేరావని, సముద్రపు నీటి నుంచి హైడ్రోజన్ తీయడానికి నికెల్-ఇనుము క్యాటలిస్ట్ (చర్యను వేగం చేసే పదార్థం) మీద పని మొదలుపెట్టావని మీ నాయన చెప్పాడు. సముద్రం లేని సీమలో ఈ పనేంటని ఎవరైనా నవ్వితే నవ్వనీ. మొదటి ఆరు నెలలు నీకు సముద్రంతో పని లేదు.

లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటే, అందులో క్లోరైడే 19 గ్రాములు. కరెంటుతో నీటిని విడగొట్టేటప్పుడు ఆనోడ్ (పాజిటివ్ ఎలక్ట్రోడ్) దగ్గర ఆక్సిజన్ రావాల్సిన చోట అది హైపోక్లోరైట్‌గా, అంటే బ్లీచ్‌లో ఉండే పదార్థంగా, మారుతుంది. క్షార ద్రావణంలో ఈ రెండు చర్యల మధ్య సుమారు 480 మిల్లీవోల్టుల తేడా ఉంది. నీ ఆనోడ్ ఓవర్‌పొటెన్షియల్, అంటే చర్య నడవడానికి సిద్ధాంతం చెప్పేదానికన్నా అదనంగా పెట్టాల్సిన వోల్టేజీ, ఆ గీత దాటకూడదు. చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీఆంపియర్ల దగ్గర అందరి క్యాటలిస్టూ బాగానే ఉంటుంది, 500 దగ్గర చూడు.

ముందు ఒట్టి పొటాషియం హైడ్రాక్సైడ్‌లో, తర్వాత అందులోనే అర మోలార్ ఉప్పు కలిపి చెయ్యి. అసలు సముద్రపు నీళ్లు ఆఖరున. నెల్లూరు దగ్గరి మైపాడు తీరం నుంచి ఎవరితోనైనా రెండు క్యాన్లు తెప్పించుకుంటే చాలు. క్షారం కలపగానే మెగ్నీషియం, కాల్షియం తెల్లగా దిగుతాయి. వడకట్టకపోతే అవే హైడ్రోజన్ వచ్చే కాథోడ్ మీద పేరుకుంటాయి.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్తమ్మా. మామూలు పొటాషియం హైడ్రాక్సైడ్‌లో లేశమాత్రం ఇనుము ఉంటుంది. పోలిక కోసం పెట్టే ఒట్టి నికెల్ దాన్ని పట్టుకుని తనే మెరుగైపోతుంది. అప్పుడు నువ్వు పోల్చేది నికెల్‌తో కాదు, ఇంకో నికెల్-ఇనుముతో! నికెల్ హైడ్రాక్సైడ్ పొడి వేసి బాగా కలిపి, ఇనుము తీసేసిన ద్రావణంలోనే ఆ పోలిక చెయ్యి. ఈ పని విసుగు పుట్టిస్తుంది, అయినా మానొద్దు. కాథోడ్ పరీక్షలో ఎదురు ఎలక్ట్రోడ్‌గా ప్లాటినం తీగ వాడొద్దు. అది కరిగి వచ్చి నీ క్యాటలిస్ట్ మీదే కూర్చుంటుంది. గ్రాఫైట్ కడ్డీ పెట్టుకో.

హైపోక్లోరైట్ వచ్చిందా లేదా అని అయోడైడ్, గంజితో చూసేటప్పుడు ముందు ఆమ్లం కలుపు. క్షారంలో అయోడిన్ నిలవదు, నీలం కనిపించలేదని మోసపోతావు. హైపోక్లోరైట్ రాకపోయినా క్లోరైడ్ లోహాన్ని గుంటలు గుంటలుగా తినేయగలదు. అందుకే 100 గంటలైనా నడిపి, ద్రావణంలోకి ఎంత నికెల్ దిగిందో కొలిపించు. కరెంటు పోతుందేమో, యూపీఎస్ సంగతి ముందే చూసుకో.

సెమినార్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, ఆర్వోతో (నీటిని పొర గుండా వడకట్టే పద్ధతి) ఉప్పు తీసేసి మంచినీళ్లే వాడొచ్చు కదా అని. న్యాయమైన ప్రశ్నే. కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్ల పైన కరెంటు కావాలి. దానికి పట్టే 9 లీటర్ల నీటిలో ఉప్పు తీయడానికి ఒక యూనిట్‌లో పదో వంతు కూడా పట్టదు. కాబట్టి సముద్రపు నీళ్లు నేరుగా వాడితే కరెంటు ఆదా అని మాత్రం రాయకు, నిలబడదు.

దసరాకు అనంతపురం వచ్చేటప్పుడు పోలరైజేషన్ కర్వులు, అంటే వోల్టేజీతో కరెంటు ఎలా మారిందో చూపే గీతలు, తీసుకురా. ఐఆర్ (ద్రావణం నిరోధం వల్ల పోయే వోల్టేజీ) సరిచేయనివి కూడా తేవాలి.

మీ పెదనాన్న