బుకింగ్ కిటికీ

విజయవాడ గాంధీనగర్‌లోని ఒక సినిమా హాలులో ఆడవాళ్ల కౌంటరు దగ్గర టికెట్లు ఇచ్చి రిటైరైన మా రచయిత్రి, పాఠకుల సినిమా సందేహాలకు ఇస్తున్న జవాబులు.

ప్రశ్న: మా హీరో కొత్త సినిమాకు మొదటి రోజే వంద కోట్లు వచ్చాయని పోస్టరు వేశారు. నా గదిలో ఉండేవాడు అవతలి హీరో అభిమాని. అదంతా బూటకం అంటాడు. వారం రోజులుగా మా మధ్య మాటల్లేవు. ఎవరిది నిజం?
– డిగ్రీ విద్యార్థి, పటమట

జవాబు: బాబూ, ముందు వెళ్లి ఆ అబ్బాయితో మాట్లాడు. పోస్టరు మీద వేసేది గ్రాసు, అంటే జనం టికెట్లకు పెట్టిన మొత్తం డబ్బు. 177 రూపాయల టికెట్టు ఒకటి తీసుకో. అందులో 27 రూపాయలు జీఎస్టీ. మిగిలిన 150లో హాలు వాళ్ల అద్దె గానీ, వాటా గానీ పోవాలి. ఆ తర్వాత డిస్ట్రిబ్యూటరు చేతికి వచ్చేదే షేరు. పోనీ షేరు తెలిసినా సరిపోదు. నైజాం (అంటే తెలంగాణ), సీడెడ్ (అంటే రాయలసీమ), ఉత్తరాంధ్ర, కృష్ణా, గుంటూరు, ఇలా ఏ ఏరియా హక్కులు ఎంతకు కొన్నారో కూడా తెలియాలి. పది కోట్లకు కొన్నచోట ఏడు వస్తే నష్టం, రెండు కోట్లకు కొన్నచోట మూడు వస్తే లాభం. (నైజాం ప్రభువు రాజ్యం ఎప్పుడో పోయింది గానీ, మన సినిమావాళ్ల పద్దుల్లో మాత్రం ఆయన ఇంకా ఏలుతూనే ఉన్నాడు.)

మా రోజుల్లో ప్రతి ఆటకూ డీసీఆర్, అంటే రోజువారీ వసూళ్ల లెక్క కాగితం, రాసేవాళ్లం. నేలకు ఎన్ని టికెట్లు తెగాయి, బాల్కనీకి ఎన్ని, ఏ నంబరు నుంచి ఏ నంబరు వరకు, పన్ను ఎంత, నికరం ఎంత అన్నీ అందులో ఉండేవి. డిస్ట్రిబ్యూటరు పంపిన రిప్రజెంటేటివ్ నా బల్ల పక్కనే నిలబడి, చింపిన సగం ముక్కలు లెక్కపెట్టుకుని మరీ సంతకం పెట్టేవాడు. ఆ కాగితం ఏ అభిమాని చేతికీ రాలేదు, పోస్టరు మాత్రం ఊరంతా అంటించారు. కాబట్టి నిజం నీకూ తెలియదు, అతనికీ తెలియదు. ఇంతా చేసి, సినిమా నీకు నచ్చిందో లేదో ఉత్తరంలో ఎక్కడా రాయలేదు!

ప్రశ్న: మా పిల్లలకు నలుపు తెలుపు సినిమా అంటేనే ఒళ్లుమంట. ఏది చూపిస్తే దారికొస్తారు?
– ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: 1957 నాటి 'మాయాబజార్' పెట్టండమ్మా. కానీ మొదటి నుంచీ పెట్టకండి. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తే చోట మొదలుపెట్టండి. తెర మీద ఉన్నది సావిత్రి. ఆ నడక, ఆ భుజాలు విరుచుకోవడం, ఆ చూపు మాత్రం ఘటోత్కచుడి వేషం వేసిన ఎస్వీ రంగారావువి. పెళ్లిపీటల మీద పెళ్లికొడుకు రేలంగి కాలు తొక్కి, పక్కకు తిరిగి ఏమీ ఎరగనట్టు ముఖం పెడుతుంది చూడండి, ఏడేళ్ల పిల్ల కూడా పకపకా నవ్వుతుంది. ఆమె మన చిర్రావూరు ఆడపడుచని కూడా చెప్పండి. మగపెళ్లివారి తరఫున ముందుగా వచ్చిన వంగర, అల్లు రామలింగయ్య విందులో గోంగూర ఉండాలని పట్టుబట్టే చోట గుంటూరు వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అప్పుడు పిల్లలే మొదటి నుంచి పెట్టమంటారు.

2010లో దీన్ని రంగుల్లోకి మార్చి మళ్లీ విడుదల చేశారు. నాకు నచ్చలేదు. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే నలుపు తెలుపుల్లో కాయించిన వెన్నెలకు రంగులు పూస్తే చప్పబడిపోయింది. పాతదే చూపించండి.

ప్రశ్న: మీ అభిమాన హీరో ఎవరు?
– కాలేజీ విద్యార్థిని, తెనాలి

జవాబు: ఎస్వీ రంగారావు. ఆయన హీరో కాదంటావా? అయితే ప్రశ్న మార్చి పంపు.

ప్రశ్న: సొంత గొంతుతో డైలాగు చెప్పని వాళ్లకు ఉత్తమ నటుడని అవార్డులు ఇవ్వడం న్యాయమేనా?
– బ్యాంకు ఉద్యోగి, మంగళగిరి

జవాబు: అవార్డు ఇవ్వండి, కాదనను. కానీ గొంతు ఇచ్చిన వారికీ అందులో సగం ఇవ్వండి. సుమన్ సినిమా అయినా, రాజశేఖర్ సినిమా అయినా కౌంటరులో కూర్చున్న నాకు తలుపు సందులోంచి వినబడేది సాయికుమార్ గొంతే. పోలీసు డ్రెస్సు ఎవరు వేసుకున్నా గర్జన ఆయనది. కమల్‌హాసన్ తెలుగులో అంత మనవాడు అనిపించడానికి బాలసుబ్రహ్మణ్యం గొంతు కారణం కాదా? 2009లో 'అరుంధతి' చూసి జడుసుకున్న వాళ్లను అడగండి. వాళ్లను భయపెట్టింది సోనూ సూద్ ముఖం ఎంతో, రవిశంకర్ గొంతు అంత. వీళ్ల పేర్లు ఎప్పుడు వేస్తారు? సినిమా అయిపోయి, జనం స్కూటరు స్టాండు వైపు పరుగెత్తేటప్పుడు. పైగా చీమ తలకాయంత అక్షరాల్లో!

ప్రశ్న: నలుగురం మల్టీప్లెక్సుకు వెళితే టికెట్లూ పాప్‌కార్నూ కలిపి వెయ్యి దాటుతోంది. నెల ఆగితే ఫోనులోకే వస్తుంది కదా అంటారు మావారు. నాకేమో హాల్లోనే చూడాలని ఉంటుంది.
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం

జవాబు: మీవారి లెక్క తప్పు కాదు, అలాగని ప్రతి సినిమాకూ అదే లెక్క కట్టకూడదు. ఏడుపు సినిమాలు ఇంట్లోనే చూడండి, ముక్కు చీదుకున్నా ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. నవ్వించే సినిమా మాత్రం హాల్లోనే చూడాలి. ఒక్కరే కూర్చుని ఫోనులో చూస్తే చిరునవ్వు దగ్గరే ఆగిపోయే జోకుకు, పక్క వరుసలో ఎవరో పెద్దాయన పడీపడీ నవ్వుతుంటే మనకూ కడుపు చెక్కలవుతుంది. పాప్‌కార్న్ మానేయండి, ఇంటి నుంచి నాలుగు జంతికలు తిని బయలుదేరండి. ఆయన రానంటే బతిమాలకండి. పక్కింటావిడను వెంటబెట్టుకుని సోమవారం మ్యాట్నీకి వెళ్లండి. ఆ రోజు తోపులాట ఉండదు, కోరుకున్న సీటు దొరుకుతుంది.