పంపు పోయిందని ఎలా తేల్చారు?

ప్రశ్న: మాది ఒడిశాలోని జయపురం. 2013 మోడల్ డీజిల్ పికప్ మీద అల్లం, కూరగాయలు విజయనగరం వైపు తీసుకెళ్లి, తిరుగు లోడు వేసుకొస్తుంటాను. సుంకి ఘాటీ ఎక్కేటప్పుడు బండి లాగడం మానేసి ఆగిపోయేది, అరగంట ఆగితే మళ్లీ స్టార్టయ్యేది. 2024 ఫిబ్రవరి మొదటి వారంలో సాలూరు మెకానిక్ ఫ్యూయల్ పంపు పోయిందని చెప్పి, మార్చి, రూ. 41,500 తీసుకున్నాడు. రెండు వారాలకే బండి అదే ఘాటీలో, అదే విధంగా ఆగిపోయింది. విజయనగరంలో డీజిల్ ల్యాబ్ (డీజిల్ పంపులు, ఇంజెక్టర్లు పరీక్షించే వర్క్‌షాపు) వాళ్లు ట్యాంకులో పేరుకున్న మడ్డి తీసి శుభ్రం చేశాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. డబ్బులడిగితే మెకానిక్ పదిమందిలో అవమానించాడు. బిల్లు ఇవ్వలేదు, పాత పంపు అతని దగ్గరే ఉండిపోయింది. చీటింగ్ కేసు పెట్టవచ్చా? తెలిసిన స్పేర్ పార్టుల షాపువారు పాత తేదీతో బిల్లు రాసిస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం అవమానం గురించీ, ఘాటీలో గడిపిన రాత్రి గురించీ ఉంది. ఇక్కడ కుదించి ఇచ్చాను, ఎందుకంటే కేసు నిలిచేది వాటి మీద కాదు. పంపు పోయిందని చెప్పే ముందు ఆ మెకానిక్ ఏ పరీక్ష చేశాడు అన్న ఒక్క ప్రశ్న మీదే ఇది గెలవడమో ఓడడమో జరుగుతుంది.

మీరు మాత్రం పాత పంపు మంచిదేనని రుజువు చేయాలనుకుంటున్నారు. ఆ దారిలో వెళితే ఓడిపోతారు. పంపు మీ చేతిలో లేదు. ఉండి ఉంటే, మీరు ఫిర్యాదు చేయవలసిన వినియోగదారుల కమిషన్ దానికి సీలు వేయించి ప్రయోగశాలకు పంపి నివేదిక తెప్పించగలిగేది; వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 38వ సెక్షన్ అందుకు వీలు కల్పించింది. నలభై వేలు పెట్టి సామాను మార్పించుకున్న మనిషి తీసేసిన సామానును గోనెసంచిలో వేసి ఇంటికి తెచ్చుకోకపోవడం, బండికి ఏ పని చేశారో రాసిచ్చే జాబ్ కార్డు కూడా అడగకపోవడం క్షమించదగిన అజాగ్రత్త కాదు. పైగా అవతలి న్యాయవాది లేచి, ట్యాంకులోని ఆ మడ్డే పంపును అరగదీసిందనీ, పంపూ పోయింది, ట్యాంకూ చెడిపోయిందనీ వాదిస్తే మీ దగ్గర సమాధానం ఉండదు. మురికి డీజిల్ వల్ల పంపు పాడవడం నిజంగా జరిగేదే కాబట్టి ఆ వాదన వినడానికి సబబుగానే ఉంటుంది.

అందువల్ల ఫిర్యాదును మరోవిధంగా నిలబెట్టాలి. మీ బండి లక్షణాన్ని చూడండి: లోడుతో ఎక్కేటప్పుడు ఆగుతుంది, కాసేపు నిలిపితే నడుస్తుంది. ఇంజను గట్టిగా డీజిల్ లాగుతున్నప్పుడు ట్యాంకులోని చెత్త వచ్చి డీజిల్ వడకట్టే జాలీకి అంటుకుని, ఇంజను ఆగి లాగుడు తగ్గగానే విడిపోయే సందర్భంలో సరిగ్గా ఇలాగే ఉంటుంది. ట్యాంకు గాలి రంధ్రం మూసుకుపోయినా, ఫిల్టర్ నిండిపోయినా, పైపులో ఎక్కడో గాలి పట్టినా దాదాపు ఇదే కనిపిస్తుంది. మీది కామన్ రైల్ ఇంజను (అన్ని ఇంజెక్టర్లకూ ‘రైల్’ అనే ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ వెళ్లేది) గనుక, లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టి ఉంటే రైల్ ప్రెషర్ తక్కువగా ఉందని పీ0087 కోడ్ వచ్చి ఉండవచ్చు; కానీ ఆ కోడ్ ప్రెషర్ రాలేదని చెబుతుందే తప్ప పంపు పోయిందని చెప్పదు. పంపును విప్పే ముందు ఫిల్టర్ చూడాలి, ఇంజెక్టర్ల నుంచి వెనక్కి ఎంత డీజిల్ వస్తోందో కొలవాలి, అన్నిటికంటే తేలికగా ట్యాంకు పైపు ఊడదీసి శుభ్రమైన డీజిల్ ఉన్న డబ్బాలోంచి ఇంజను నడిపి చూడాలి. డబ్బాతో నడిపినప్పుడు బండి సరిగ్గా లాగితే లోపం ట్యాంకు వైపు ఉన్నట్టే. ఈ పనికి ఖరీదైన యంత్రమేదీ అక్కరలేదు. లారీల మీదే బతికే సాలూరులో ఇది తెలియని మెకానిక్ ఉంటాడని నేననుకోను.

పరీక్ష లేకుండా సామాను మార్చి డబ్బు తీసుకోవడమే సేవాలోపం. మీ ఫిర్యాదు ఈ ఒక్క వాక్యం చుట్టూ ఉండాలి. పంపు మార్చాక కూడా అదే లోపం, అదే చోట, రెండు వారాల్లోనే తిరిగి వచ్చిందన్నది దానికి మొదటి ఆధారం. రెండోది విజయనగరం ల్యాబ్. డబ్బాతో నడిపి చూసిన తరవాతే ట్యాంకు విప్పారని మీరే రాశారు. కానీ వారిచ్చిన బిల్లులో ‘ట్యాంక్ క్లీనింగ్’ అని తప్ప మరేమీ లేదంటున్నారు. వెంటనే వెళ్లి, ఏ తేదీన బండి వచ్చింది, ఏ పరీక్ష చేశారు, ఏం కనిపించింది అన్నది వారి చేత రాయించి, అఫిడవిట్‌గా తీసుకోండి. కమిషన్ ముందు విచారణ ప్రధానంగా అఫిడవిట్ల మీదా పత్రాల మీదా జరుగుతుంది కనుక, ల్యాబ్ యజమాని మీకు నోటితో చెప్పినది అక్కడ లెక్కలోకి రాదు. సేవాలోపాన్ని రుజువు చేసే బాధ్యత ఫిర్యాదుదారుడిదేనని సుప్రీంకోర్టు 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో స్పష్టంగా చెప్పింది.

ఇక పాత తేదీ బిల్లు. ఆ కాగితాన్ని ముట్టుకోకండి. వినియోగదారుల కమిషన్ విచారణ కూడా చట్టం దృష్టిలో న్యాయ విచారణే. అందులో కల్పించిన సాక్ష్యం పెడితే మీరు ఫిర్యాదుదారు స్థానం నుంచి ముద్దాయి స్థానంలోకి వెళతారు, రాసిచ్చిన షాపువాడూ మీ వెంట వస్తాడు. జీఎస్టీ బిల్లుకు వరుస సంఖ్య ఉంటుంది, ఆ నెల రిటర్నులో ఆ అమ్మకం కనిపించాలి. అవతలివారు ఒక్క దరఖాస్తు పెట్టి ఆ రికార్డు తెప్పిస్తే మీ నిజమైన ఆధారాలు కూడా అబద్ధాల కిందకే పోతాయి. అసలు మీకు ఆ బిల్లు అవసరమే లేదు. మీరు రూ. 30,000 ఒకసారి, రూ. 11,500 మరోసారి యూపీఐ ద్వారా పంపారు. బ్యాంకుకు వెళ్లి ఆ నెల స్టేట్‌మెంట్ ధ్రువీకరించి ఇమ్మనండి. ఆ రెండో మొత్తం మెకానిక్ తమ్ముడి ఖాతాకు వెళ్లిందన్నారు. ఎవరి ఖాతాకు వేయమన్నాడో తెలిపే వాట్సాప్ సందేశం ఉంటే దానితో ఆ ముడి వీడిపోతుంది. బిల్లు ఇవ్వకపోవడం మీ లోటు మాత్రమే కాదు, 2019 చట్టం ప్రకారం అది అతని అనుచిత వ్యాపార పద్ధతి కూడా. దాన్ని ఫిర్యాదులో విడిగా ఆరోపించండి.

‘పంపు పోయింది, మారిస్తే బండి సరిపోతుంది’ అని అతను పంపిన వాయిస్ మెసేజ్ మీ ఫోన్లో ఇంకా ఉందని రాశారు. ఆ ఫోను అమ్మవద్దు, రీసెట్ చేయవద్దు, పిల్లలకు ఇవ్వవద్దు. మరో ఫోనుకు ఫార్వర్డ్ చేసుకుంటే సరిపోతుందనుకోవద్దు. ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి, పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం జతచేయాలి, అందులో ఒక భాగం మీరూ మరో భాగం నిపుణుడూ సంతకం చేయాలి.

గడువు విషయంలో మీరు చేస్తున్న నిర్లక్ష్యం నాకు మరింత ఆందోళన కలిగిస్తోంది. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. లోపం తిరిగి బయటపడిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు గానీ, ఆ రెండు వారాల కోసం వాదన పెట్టుకోవలసిన అవసరం ఏముంది? పంపు మార్చిన తేదీ నుంచే లెక్కవేసుకుని, 2026 జనవరి లోపలే దాఖలు చేయండి. ‘వచ్చే నెల ఇస్తానన్నాడు, పండగ తరవాత ఇస్తానన్నాడు’ అని మీరు రాసిన వాయిదాలు గడువును పెంచవు. నోటీసు పంపినా గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, తగిన కారణం చూపాలి, మెకానిక్ మాట నమ్మి కూర్చున్నానన్నది తగిన కారణంగా నిలుస్తుందని నేను హామీ ఇవ్వలేను.

చీటింగ్ కేసు సంగతి రెండు మాటల్లో చెబుతాను. ఘటన, కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందుది కాబట్టి వర్తించేది పాత భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ) 420వ సెక్షన్. దానికి మొదటినుంచీ మోసం చేయాలన్న ఉద్దేశం ఉండాలి. తప్పుగా రోగనిర్ధారణ చేయడం మోసం కాదు. బండిలో ఇప్పుడున్న పంపు కొత్తదని చెప్పి రీకండిషన్ చేసినది, అంటే పాతదాన్నే బాగుచేసినది బిగించినట్టు తేలితే మాత్రం పరిస్థితి మారవచ్చు. కనుక ఆ పంపు మీది నంబరు ప్లేటు ఫొటో తీయించండి, దాన్ని ఎవరి చేతా విప్పించకండి.

ఫిర్యాదుకు సాలూరు వెళ్లనక్కరలేదు. మీరు నివసించే చోట దాఖలు చేసుకునే హక్కు వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ఇచ్చింది కాబట్టి కోరాపుట్ జిల్లా కమిషన్ సరిపోతుంది. చెల్లించిన ప్రతిఫలం, అంటే పనికి మీరు కట్టిన డబ్బు, రూ. 5 లక్షల లోపు కనుక రుసుము లేదు. వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ వేదిక ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా వేయవచ్చు. తెలుగులో ఉన్న చీటీలకు, వాయిస్ మెసేజ్ పాఠానికి ఇంగ్లీషు లేదా ఒడియా అనువాదం జతపరచండి. పసుపు నంబరు ప్లేటున్న కిరాయి బండి గనుక, వాణిజ్య ప్రయోజనానికి వాడే మీరు వినియోగదారుడే కారని అభ్యంతరం వస్తుంది. మీరే నడుపుతూ స్వయం ఉపాధిగా జీవనం సాగిస్తున్నానని మొదటి పేరాలోనే రాయండి. బావమరిది అప్పుడప్పుడు నడిపితే నష్టం లేదు. జీతానికి డ్రైవరును పెట్టి ఉంటే నాకు చెప్పకుండా దాచవద్దు.

రూ. 2 లక్షల ఆదాయ నష్టం అడుగుతున్నారు. ఆ వారాల్లో ఏ వ్యాపారి ఏ లోడు చెప్పాడు, ఏది రద్దయింది అన్నదానికి కాగితాలు చూపగలిగినంతే అడగండి. పంపు ఖర్చు, ఘాటీ నుంచి బండి లాగించిన ఖర్చు, ట్యాంకు శుభ్రం చేయించిన ఖర్చు, మానసిక వేదనకు కొంత మొత్తం: ఇవి న్యాయంగా అందగలవి.

ఈ వారమే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అందులో తిట్లు, పోలీసు బెదిరింపులు ఉండకూడదు. పంపు మార్చే ముందు ఏ పరీక్షలు చేశారు, ప్రెషర్ ఎంత వచ్చింది, స్కానర్ నివేదిక ఎక్కడ, తీసిన పంపు ఇప్పుడు ఎక్కడుంది అని అడిగి, 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వమనండి. జవాబులో పరీక్షల ప్రస్తావన లేకపోతే మీ పని తేలికవుతుంది. పరీక్షలు చేశానంటే నమోదు చూపవలసిన బాధ్యత అతని మీద పడుతుంది. జవాబే రాకపోతే పదహారో రోజున ఫిర్యాదు దాఖలు చేయండి.