ఆశ్చర్యార్థకం అంతటా అవసరమా?

"మెసేజ్‌లు, ఆఫీసు మెయిళ్లు, చివరికి కంపెనీల పేర్లలో కూడా ఆశ్చర్యార్థకాలు గుప్పిస్తున్నారు, ఇది అతి కాదా?" అని అడిగారు.

చాటింగ్‌లో అయితే నాకు అభ్యంతరం లేదు. "సరే" అని రాసి చుక్క పెడితే కోపం వచ్చిందేమో అనుకునే రోజులివి. "సరే!" అంటే నవ్వుతూ అన్నట్టు. గొంతు వినపడని చోట ఆ గుర్తు కాస్త పనికొస్తోంది. కాకపోతే అందరూ పెట్టేసరికి, పెట్టనివాళ్లు ముభావంగా ఉన్నట్టు కనిపిస్తున్నారు. దాంతో ఒకటి పెట్టేవాళ్లు మూడుకి దిగారు. పాత టైప్‌రైటర్లలో చాలావాటికి ఈ మీటే ఉండేది కాదు. ఎపాస్ట్రఫీ (') కొట్టి, వెనక్కి జరిపి, దాని కిందే చుక్క కొట్టేవారు. అంత శ్రమ పడాలంటే విషయం నిజంగా ఆశ్చర్యపడేలా ఉండాలి మరి.

కస్టమర్లకు వెళ్లే మెసేజ్‌లు సరిచూడటం నా ఉద్యోగం. అక్కడ మాత్రం ఊరుకోను. ఒకసారి ఇలాంటిది వచ్చింది: "మీ పేమెంట్ ఫెయిలైంది! మీ ఖాతాలో డబ్బు కట్ అయి ఉండవచ్చు! 7 రోజుల్లో తిరిగి జమ అవుతుంది!" డబ్బు పోయిందేమోనని టెన్షన్‌లో ఉన్న మనిషితో లాటరీ తగిలినట్టు మాట్లాడితే ఎలా? మూడూ తీసేసి చుక్కలు పెట్టాను. ఒక్క మాట మార్చలేదు, అయినా ఎవరో బాధ్యత తీసుకుని చెబుతున్నట్టు అయింది. "ఫ్రెండ్లీగా ఉంటుందని పెట్టానండీ" అన్నాడు రాసిన కుర్రాడు. ఫ్రెండ్లీగా ఉండాలంటే డబ్బు ఎప్పుడొస్తుందో ముందు చెప్పమన్నాను.

పేర్ల సంగతికొస్తే, అందరికీ గుర్తొచ్చేది యాహూ. ఆ పేరు మీద అప్పటికే బార్బెక్యూ సాస్ లాంటివాటికి ట్రేడ్‌మార్క్ ఉండటంతో, తేడా కోసం చివర ఆ గుర్తు తగిలించారు. అంటే ఉత్సాహం పట్టలేక పెట్టింది కాదు, చట్టపరమైన అవసరం. (వెబ్ అడ్రసులో ఆ గుర్తు చెల్లదు కాబట్టి అక్కడ ఎలాగూ వదిలేయాల్సి వచ్చింది.) ఊళ్లూ ఉన్నాయి. ఇంగ్లండులో వెస్ట్‌వర్డ్ హో! అనే ఊరుంది. కెనడాలోని క్యుబెక్‌లో ఒక ఊరి పేరు చివర "హా! హా!" అని ఏకంగా రెండు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని హామిల్టన్ నగరపాలక మండలి 1986లో తీర్మానం చేసి మరీ తమ ఊరి పేరుకు ఒకటి తగిలించుకుంది. ప్రచారం కోసమే లెండి.

తెలుగులో రాసేవాళ్లకు దీనితో ఇంకో తలనొప్పి, విభక్తి. "యాహూ!లో", "యాహూ!కి" అని రాస్తే వాక్యం మధ్యలో ఎవరో కేకేసినట్టు ఉంటుంది. అందుకే నేను గుర్తు తీసేసే రాస్తాను. లోగోలో వాళ్లిష్టం, వాక్యంలో నా ఇష్టం. అసలు మనకు "వచ్చేశాడే", "ఎంత పని చేశావు", "అబ్బో" అంటే చాలు, ఆశ్చర్యం అందులోనే వినపడుతుంది. పక్కన గీత గీసి మళ్లీ చూపించక్కర్లేదు.

మీరు కొత్త వ్యాపారానికి పేరు వెతుకుతూ ఈ ప్రశ్న అడిగి ఉంటే, ఆ పేరుకి లో, కి, తో, నుంచి చేర్చి నాలుగు వాక్యాలు రాసి, పైకి చదివి చూడండి.