జ్యూక్‌బాక్స్ బాగుచేయడానికి అప్పు చేయవచ్చా?

ప్రశ్న: 45 ఆర్‌పీఎం (నిమిషానికి 45 సార్లు తిరిగే) రికార్డులు వేసే పాత జ్యూక్‌బాక్స్, అంటే నాణెం వేస్తే కోరిన పాట మోగించే యంత్రం కొన్నాను. ప్రస్తుతం మోగడం లేదు. ఇంట్లోనే బాగుచేసి, కొన్నాళ్లు విని, తర్వాత లాభానికి అమ్మాలని ఉంది. మరమ్మతుకు 14 శాతం వడ్డీకి మూడేళ్ల వ్యక్తిగత రుణం తీసుకోనా? లేక అత్యవసర నిధిలోంచి వాడుకోనా?

జవాబు: రెండూ వద్దు. ముందుగా ఆ లాభం సంగతి లెక్కలోంచి తీసేయండి. పాతదైతే చాలు, ధర పలుకుతుందనుకుంటాం. 1946లో వచ్చిన వుర్లిట్జర్ కంపెనీ జ్యూక్‌బాక్స్ 1015 మోడల్‌ను దాదాపు 56,000 తయారుచేశారు. అంటే అదేమీ అరుదైనది కాదు. అయినా దానికి గిరాకీ ఉంది, ఎందుకంటే జ్యూక్‌బాక్స్ అనగానే చాలామందికి కళ్లలో మెదిలేది ఆ రూపమే. అంతగా పేరులేని మోడల్‌కు పెట్టిన మరమ్మతు ఖర్చు తిరిగి రాకపోవడమే ఎక్కువ. మీది సరదా ఖర్చు. అందులో తప్పేమీ లేదు, పేరు మాత్రం సరిగ్గా పెట్టుకోండి.

మీరు చెప్పిన రుణంలో ప్రతి 100కు వాయిదాల రూపంలో మొత్తం 123 దాకా కట్టాలి. సరదాకు వడ్డీ కట్టడం నాకు మింగుడుపడదు. ఇక అత్యవసర నిధి ఆరు నెలల ఇంటి ఖర్చులకన్నా తక్కువుంటే దాని జోలికే వెళ్లకండి. నెలనెలా కొంత విడిగా దాచి, ఆ సొమ్ముతోనే అంచెలంచెలుగా పని చేయండి.

పని వరసే మీ డబ్బును కాపాడుతుంది. ఉత్సాహం ఆపుకోలేక ఇప్పుడే ప్లగ్గు పెట్టి చూడకండి. దశాబ్దాల నాటి కెపాసిటర్లు (విద్యుత్తును కాసేపు నిల్వచేసే చిన్న భాగాలు) షార్టయితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. కెపాసిటర్లు చవక, ట్రాన్స్‌ఫార్మర్‌కు మళ్లీ తీగ చుట్టించడం అలా కాదు. పైగా ధ్వనిని పెంచే వాల్వుల ఆంప్లిఫయర్‌లో ప్రాణాంతకమైన వోల్టేజీ ఉంటుంది. మీకు అలవాటు లేకపోతే ఆ ఒక్క పనికీ నిపుణుడికి కూలి ఇవ్వండి, అక్కడ పొదుపు వద్దు. రికార్డును ఎత్తి తిప్పే యంత్రంలో గ్రీజు గట్టిపడి బంకలా పట్టేసి ఉంటుంది. దాన్ని శుభ్రం చేయడానికి ఓపిక చాలు, పెద్దగా ఖర్చు కాదు.

చాలామంది మరిచిపోయే ఖర్చు ఇంకొకటుంది. యంత్రం 60 హెర్ట్జ్ విద్యుత్తుకు తయారై, మీ దగ్గర 50 హెర్ట్జ్ ఉంటే మోటారు నెమ్మదిస్తుంది, పాట సాగదీసినట్టు వినిపిస్తుంది. వోల్టేజీ మార్చే ట్రాన్స్‌ఫార్మర్ దీన్ని సరిచేయలేదు. మోటారు కప్పీ మార్చాల్సి రావచ్చు. మోటారుపై ఉన్న వివరాల రేకు చదివి, దీన్ని ముందే లెక్కలో వేసుకోండి.

అరిగిన సూది రికార్డులనూ పాడుచేస్తుంది కాబట్టి కొత్త సూదికి వెనకాడకండి. క్రోమ్ పూత, చెక్క మెరుగు అన్నిటికన్నా చివర. సొమ్ము చాలకపోతే వాటిని వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. తీసేసిన అసలు భాగాలను మాత్రం పారేయకుండా బిల్లులతో సహా దాచండి. ఎప్పుడైనా అమ్మితే కొనేవారు మొదట అడిగేవి అవే.