కరెంటు సందేహాలు: గాలి ఎన్ని వోల్టులు ఆపుతుంది?

ప్రశ్న: నమస్తే సార్. మా రెండో అంతస్తు బాల్కనీ పక్క నుంచే లెవెన్ కేవీ (11 వేల వోల్టుల) లైను పోతుంది. గాలి సెంటీమీటరుకి 30 కేవీ తట్టుకుంటుందని మా అబ్బాయి ఫిజిక్స్ పుస్తకంలో ఉంది. ఆ లెక్కన 11 కేవీకి 4 మిల్లీమీటర్లు చాలు కదా, మరి లైన్‌మన్ 1.2 మీటర్లు ఉండాలంటున్నాడు. బాల్కనీ ఇంకో అడుగు ముందుకు తెద్దామనుకుంటున్నాం. తెస్తే ఏమవుతుంది?
(ఒక పాఠకుడు, బోడుప్పల్)

జవాబు: తేవద్దు. ముందు ఆ మాట చెప్పేసి లెక్కలోకి వస్తాను.

పుస్తకంలో ఉన్నది నిజమే. 11 కేవీ అనేది రెండు ఫేజుల మధ్య ఉండే వోల్టేజి, ఒక ఫేజుకీ భూమికీ మధ్య ఉండేది 6.35 కేవీయే, దాని గరిష్ఠ విలువ తీసుకున్నా 9 కేవీ, కాబట్టి మీ పద్ధతిలో 3 మిల్లీమీటర్లే వస్తుంది. కానీ ఆ 30 కేవీ అంకె రెండు నున్నటి లోహపు పలకల్ని ఎదురెదురుగా పెట్టి పొడిగాలిలో కొలిచినప్పటిది. మీ ఇంట్లో పలకలు లేవు. రెయిలింగ్ అంచులున్నాయి, బట్టలారేసే జీఐ తీగ ఉంటుంది, పైన ఇంకో అంతస్తు వేద్దామని వదిలేసిన చువ్వలు ఉన్నా ఉంటాయి. మొన ఉన్నచోట విద్యుత్ క్షేత్రం అంతా ఒక్క దగ్గర పోగుపడుతుంది, అక్కడి గాలి ముందు అయనీకరణం చెంది (అంటే కరెంటు మోసేలా మారి), స్పార్కు అక్కణ్ణుంచి పాకుతూ ముందుకొస్తుంది. ఇలాంటి చోట, మధ్య దూరం పెద్దదైనప్పుడు, సెంటీమీటరుకి 5 కేవీకే గాలి లొంగిపోవచ్చు.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటి. ఆ తీగ మీద ఎప్పుడూ 11 కేవీయే ఉంటుందని అనుకోకండి. దగ్గర్లో పిడుగు పడితే దాని మీద కొన్ని మైక్రోసెకన్ల పాటు ఎన్నో రెట్లు వోల్టేజి లేస్తుంది. అందుకే ఈ తరగతి పరికరాల్ని 75 కేవీ ఇంపల్స్ (క్షణంలో లేచి పడిపోయే వోల్టేజి దెబ్బ) ఇచ్చి పరీక్షిస్తారు. ఆ 75 కేవీని ఆపడానికి ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) 60071 ప్రమాణం అడిగే గాలి ఖాళీ 120 మిల్లీమీటర్లు. అంటే మీ 4 మిల్లీమీటర్లు అప్పుడే 30 రెట్లయింది, మనిషి ఇంకా లెక్కలోకి రానే లేదు.

మనిషి వచ్చాక ఇక ఫిజిక్స్ ఒక్కటే సరిపోదు. బాల్కనీలోంచి వంగి చెయ్యి చాపితే ముప్పావు మీటరు ఇట్టే పోతుంది. చేతిలో మాప్ కర్రో, అల్యూమినియం నిచ్చెనో, పండగకి కట్టే జెండా పైపో ఉంటే 1.2 మీటర్లు కూడా చాలదు. ఆ 1.2 మీటర్లు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు 11 కేవీ దాకా పెట్టిన కనీస అడ్డదూరం, అదీ ఈదురుగాలికి తీగ మీ వైపు ఊగినప్పుడు మిగలాల్సిన దూరం. గాలి లేని రోజున టేపు పట్టుకుని కొలిచి సరిపోయిందనుకుంటే లాభం లేదు. ఇంటి మీదుగా పోయే లైనైతే నిలువుగా 3.7 మీటర్లు ఉండాలి.

లైను పక్కన కట్టడం మొదలుపెట్టే ముందు డిస్కంకి (కరెంటు పంపిణీ సంస్థకి) రాతపూర్వకంగా తెలియజేయాలన్నది కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. లైను జరిపించాలంటే అంచనా వేయించుకుని డబ్బు కట్టాలి, అది మీకు భారమే, ఒప్పుకుంటాను. అయినా సెంట్రింగ్ కూలీ 12 అడుగుల చువ్వని పైకి అందుకుంటూ వెనక్కి తిప్పే క్షణం గురించి ఒక్కసారి ఆలోచించండి, ఆ తీగ అక్కడ ఉందని అతనికి ఎవరూ చెప్పి కూడా ఉండరు. ఇంకోమాట, తీగకి పీవీసీ పైపు తొడిగితే చాలని మేస్త్రి అంటే వినకండి. ఎండకి పెళుసుబారి పగిలే ఆ పైపు 11 కేవీకి ఇన్సులేషన్ కానే కాదు, పైగా అది చూసుకుని జనానికి లేని ధైర్యం వస్తుంది.

ప్రశ్న: మాది చర్లపల్లిలో చిన్న యూనిట్, ఛార్జర్ బోర్డులు చేస్తాం. 230 వోల్టుల గరిష్ఠ విలువ 325. గాలి ఎన్ని వోల్టులకి లొంగుతుందో చెప్పే పాషెన్ సూత్రం ప్రకారం దాదాపు 327 వోల్టుల లోపు గాలి బ్రేక్‌డౌనే కాదు, అంటే స్పార్కు దూకదు. అలాంటప్పుడు బోర్డు మీద మిల్లీమీటర్ల కొద్దీ ఖాళీ ఎందుకు వదలాలి?
(ఒక పాఠకురాలు)

జవాబు: చాలా మంచి ప్రశ్న అమ్మా. 1889లో పాషెన్ చెప్పింది ఈ రోజుకీ నిజమే. కానీ ప్లగ్గులోంచి వచ్చేది 325 ఒక్కటే కాదు. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ ఆన్ చేసినా, పక్కింట్లో మోటారు ఆగినా స్పైకులు వస్తాయి. అందుకే ఐఈసీ 60664-1 ప్రకారం ప్లగ్గుకి పెట్టే పరికరం 2500 వోల్టుల ఇంపల్స్ తట్టుకోవాలి, దానికి 1.5 మిల్లీమీటర్ల గాలి ఖాళీ. మెయిన్స్ వైపుకీ, చేత్తో ముట్టుకునే అవుట్‌పుట్ వైపుకీ మధ్య రీఇన్‌ఫోర్స్‌డ్ ఇన్సులేషన్ (రెండు పొరలంత గట్టి రక్షణ) కావాలి కాబట్టి అక్కడ 4000 వోల్టుల మెట్టు తీసుకుని 3 మిల్లీమీటర్లు ఇవ్వాలి.

ఇది గాలిలో దూరం మాత్రమే. బోర్డు ఉపరితలం మీదుగా పాకే క్రీపేజ్ దూరం వేరే. మామూలు గ్లాస్ ఎపాక్సీ బోర్డు, ఇంట్లో ఉండే దుమ్ము, 250 వోల్టులు అనుకుంటే అది 2.5 మిల్లీమీటర్లు, రీఇన్‌ఫోర్స్‌డ్‌కి రెట్టింపు, 5. దుమ్మూ, టంకం వేసినప్పుడు మిగిలే ఫ్లక్సూ, తేమా కలిస్తే ట్రాకుల మధ్య నల్లటి బొగ్గు దారి ఏర్పడుతుంది, అది ఏర్పడటానికి స్పైకు కూడా అక్కర్లేదు. చోటు చాలకపోతే ఆప్టోకప్లర్ (వెలుతురుతో సిగ్నల్ దాటించే చిప్) కింద 1 మిల్లీమీటరుకి తగ్గకుండా గాడి కొట్టించండి, క్రీపేజ్ దారి దాన్ని చుట్టి పోవాల్సి వస్తుంది. ఈ పట్టికలు 2000 మీటర్ల ఎత్తు దాకా వర్తిస్తాయి. మన హైదరాబాద్ 500 పైచిలుకే కాబట్టి మీరేమీ కలపక్కర్లేదు. కానీ మీ సరుకు లడఖ్ పోతే కలపాలి, అక్కడి గాలి పలచన.

ప్రశ్న: మా డాబా దగ్గర్లో 132 కేవీ టవర్ లైను ఉంది. తీగ తాకకుండానే షాక్ కొడుతుందా? సంక్రాంతికి పిల్లల్ని పైకి పంపాలంటే టెన్షన్.
(ఒక తల్లి, ఉప్పల్)

జవాబు: కొడుతుందమ్మా, తగినంత దగ్గరికి పోతే చాలు. ఆ లైనుకి నిబంధన అడ్డంగా 2.9 మీటర్లు, నిలువుగా 4.6 మీటర్లు. మీ డాబాకి అంతకన్నా తక్కువ ఉందనిపిస్తే ఈ ఏడాది పిల్లల్ని మైదానానికి తీసుకెళ్లండి. లోహపు పొడి పూసిన మాంజా తీగలాగే కరెంటు మోస్తుంది, తడిసిన నూలు దారమూ మోస్తుంది. పతంగి ఏ లైనుకి చిక్కినా దారం వదిలేయాలి, కర్రతో లాగకూడదు. అది వేలాడుతూ డాబా మీదికి వస్తే 1912కి ఫోన్ చేయండి. వాళ్లు ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసే అనుమతి) తీసుకుని, లైను ఆపి తీయిస్తారు.